తొంభై డిగ్రీల ప్రయాణికుడు

మా పై వాటాలో కిరాయికుంటున్న సాఫ్ట్‌వేర్ అమ్మాయి పోయిన నెల లండన్ వెళ్ళొచ్చింది. కంపెనీవాళ్ళు బిజినెస్ క్లాసులో పంపారట. మెట్ల దగ్గర ఎదురుపడితే మర్యాదకి "ప్రయాణం ఎలా జరిగిందమ్మా" అన్నాను. సూపు చల్లారిపోయిందట. దిండు ఇటుకలా ఉందట. వెనక సీటాయన గురకకి కిటికీ అద్దాలు అదిరాయట. అరగంట చెప్పింది. చివర్లో, "మీకేం తెలుస్తుంది లెండి అంకుల్, మీరెప్పుడూ ఆ క్లాసులో వెళ్ళి ఉండరుగా" అని పైకి వెళ్ళిపోయింది.

నేను కింద నిలబడి నా కుడికాలి బొటనవేలు చూసుకున్నాను. అది ఇప్పటికీ కాస్త ఎడమకి తిరిగి ఉంటుంది. ఆ వేలి మీద ఒట్టేసి చెబుతున్నాను, నేను ఫస్టు క్లాసులో వెళ్ళాను. మీలో చాలామంది పుట్టకముందు, డెబ్బయ్యో దశకం నడిమధ్యలో, బొంబాయి నుంచి జర్మనీ దాకా. ఆ అమ్మాయికి దొరికిన చల్లని సూపు నాకు దొరికి ఉంటే కళ్ళకద్దుకుని తాగేవాణ్ణి.

మీరిప్పుడు మెడలో బిళ్ళలు వేలాడేసుకుని ఏసీ బస్సులు దిగే మాదాపూర్‌లో అప్పట్లో బండరాళ్ళు మాత్రమే ఉండేవి. ఉద్యోగాలన్నీ లింగంపల్లి వైపు. నేను పనిచేసిన ఫ్యాక్టరీ కూడా అటే. యంత్రాలను తయారుచేసే యంత్రాలను తయారుచేసేవాళ్ళం. ఈ వాక్యం మా మామగారికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు పెళ్ళయ్యాక నాలుగేళ్ళు పట్టింది. ఆయన చివరిదాకా నన్ను గడియారాలు బాగుచేసేవాడిగానే పరిచయం చేశారు.

మా షాపులో ఒక ఇనప బీరువా, అందులో ఒక టేకు పెట్టె, ఆ పెట్టెలో మెత్తటి ఉన్ని గుడ్డ మీద పడుకుని ఒక మూలమట్టం ఉండేవి. తాపీవాళ్ళ దగ్గర, వడ్రంగుల దగ్గర ఉంటుంది చూశారా, రెండు చేతులు కలిసి లంబకోణంలో ఉండేది, అదే. కాకపోతే ఇది జర్మనీలో పుట్టింది, మూరెడు ఎత్తు, పెట్టెతో కలిపి తూస్తే ఓ మోస్తరు పెళ్ళికొడుకంత బరువు అని మేమనుకునేవాళ్ళం. నిజానికి ఇరవై కిలోలుండేదేమో. ఇంట్లో అందరూ గోడగడియారం చూసి చేతి గడియారాలు సరిచేసుకున్నట్టు, షాపులోని మట్టాలన్నీ దీన్ని చూసి బుద్ధి తెచ్చుకునేవి. తొంభై డిగ్రీలంటే ఏమిటో మా ఫ్యాక్టరీలో తేల్చేది అదొక్కటే.

ఆ బీరువా తాళంచెవి మా ఫోర్‌మన్ మొలతాడుకి ఉండేది. ఆయన లింగంపల్లి పక్క ఊరివాడు. తండ్రి తాపీమేస్త్రీ. ఫోర్‌మన్ ఆ మట్టం ముట్టుకునే ముందు ఉంగరం తీసేవాడు, చేతులు సబ్బుతో కడిగేవాడు, ఊపిరి తగలకుండా మొహం పక్కకి తిప్పుకునేవాడు. వాళ్ళింట్లో మనవణ్ణి ఎత్తుకునేటప్పుడు కూడా అంత జాగ్రత్త చూడలేదు నేను.

ఆయన దగ్గర ఇంకొకటి ఉండేది. ఎర్ర గుడ్డ అట్టతో, దిండంత లావున, ప్రమాదాల రిజిస్టరు. షాపులో ఎవడికి చిన్న గీరుడు తగిలినా, ఎవడు నిబంధన తప్పినా అందులో ఎక్కాల్సిందే. ఒకసారి క్రేన్ కింద నుంచి నడిచినందుకు తన పేరు తానే రాసుకుని, తనను తానే మందలించుకుని, కింద సంతకం పెట్టాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే. "చేతిల నుంచి ఏదన్న జారిందనుకో, దాన్ని పోనియ్యి. ఇనుము మళ్ల దొరుకుతది. కాలు ఎనకకు గుంజుకో." నాకూ చేరిన రోజు అదే చెప్పాడు. నేను కృష్ణాజిల్లా నుంచి కొత్తగా వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరుని. ఆయన భాష సగమే అర్థమై, ఎందుకైనా మంచిదని రెండు కాళ్ళూ వెనక్కి తీసుకున్నాను.

ఇక కష్టకాలం. మేము పంపిన ఓ విడత మెషిన్లు కొన్నవాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నిలువుగా ఉండాల్సిన స్తంభం కాస్త వాలుతోందని. కాస్త అంటే వెంట్రుక మందం. మామూలు మనుషులు ఆ మాత్రానికి ఉత్తరం రాయరు. మెషిన్లు కొనేవాళ్ళు రాస్తారు. మట్టాలన్నీ తనిఖీ చేస్తే అన్నీ పెద్ద మట్టంతో సరిపోతున్నాయి. అంటే పెద్ద మట్టమే తప్పింది.

మా వర్క్స్ మేనేజరు గుంటూరు వైపు మనిషి. చెడ్డవాడు కాదు. కాగితం మీద గుండ్రటి ముద్ర లేకపోతే తన పెళ్ళి కూడా జరిగిందని నమ్మడు, అంతే. ఎంక్వైరీ పెట్టాడు. ఒక పక్క నేను కూర్చున్నాను సభ్యుడిగా, ఎదురుగా ఫోర్‌మన్ నిలబడ్డాడు.

"చెయ్యి జారి పడేశారా?"

"పడెయ్యలె సారు."

"పడెయ్యకపోతే వంకర ఎలా పోతుందండీ? బీరువాలో ఉన్నది ఉన్నట్టు వంకరపోయిందా?"

"గదే చెప్తున్న. పడితె అంచుకు దెబ్బ గనవడతది. యాడుంది దెబ్బ? దాని లోపల్నే ఏందో కదిలింది."

"లోపల కదలడానికి అదేమన్నా కడుపుతో ఉందా?" అన్నాడు మేనేజరు. తన జోకుకి తనే నవ్వాడు. సభ్యుడిగా నేనూ నవ్వాను.

ఫోర్‌మన్ నవ్వలేదు. మట్టాన్ని తెచ్చి చదునుబల్ల మీద పెట్టాడు. దాని నిలువు చెయ్యి వెంబడి, వెనక నిలబెట్టిన రేకు మీద సన్నని గీత గీశాడు. తర్వాత మట్టాన్ని కుడిఎడమలు తిప్పి, అదే చోట పెట్టి మళ్ళీ గీత గీశాడు. సరైన మట్టమైతే రెండు గీతలూ ఒకటైపోవాలి. ఇవి కింద కలిసి, పైన ఒకదాన్నొకటి చూసి కాస్త మొహం తిప్పుకున్నాయి.

"మా నాయిన గోడ వెట్టేటప్పుడు తన మట్టాన్ని, గునియా అంటం, దాన్ని గిట్లనే తిప్పి చూస్తుండె. అది ఎంత తప్పిందో అదే చెప్తది, ఇంకోడు చెప్పే పని లేదు."

మేనేజరు ఆ గీతల్ని కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూశాడు. "గీతలు ఎవిడెన్సు కావండి," అన్నాడు. నా వైపు తిరిగి, "ఏమంటారు?" అన్నాడు.

ఇంజనీరింగు చదివినవాణ్ణి. ఆ పరీక్ష నిక్కచ్చిగా సరైనదని నాకు తెలుసు. నేను తలాడించాను. ఏ వైపుకి ఆడించానో మేనేజరుకి తనకి కావలసినట్టు కనిపించింది, ఫోర్‌మన్‌కి నేను ఏమీ అనలేదని కనిపించింది. తలాడించడంలో నాకు ఆ రోజుల్లో అంతటి ప్రావీణ్యం ఉండేది.

ఫోర్‌మన్‌ని సస్పెండ్ చేశారు. పడేసి దాచిపెట్టాడన్నది అభియోగం. రిటైర్మెంటుకి ఇంక నాలుగైదు నెలలే ఉంది. రుజువైతే పింఛను మాట దేవుడెరుగు, ముప్పై ఏళ్ళు ఆ ఎర్ర రిజిస్టరు రాసిన మనిషి అబద్ధమాడాడని కాగితం మీద ఉండిపోతుంది. ఆయన తాళంచెవి మొలతాడు నుంచి విప్పి బల్ల మీద పెట్టాడు. పెట్టి నా వైపు ఒక్కసారి చూశాడు. మందలింపు కూడా లేదు ఆ చూపులో. అదే నన్ను రెండు వారాలు అన్నం తిననివ్వలేదు. రెండు పూటలా టిఫిను మాత్రం తిన్నాను.

మట్టం తయారుచేసినవాళ్ళకే రాశారు, తేల్చి చెప్పమని. జర్మనీ నుంచి జవాబొచ్చింది. మీ మనిషి చేతిలో పట్టుకు రావాలి, సరుకుల అరలో వేస్తే దారిలో తగిలిన దెబ్బకి మాది బాధ్యత కాదు, కొత్త దెబ్బ ఒక్కటి కనపడినా పాత దెబ్బేదో కొత్తదేదో మేం తేల్చలేం అని. అంటే దారిలో ఒక్క గీరుడు పడితే ఫోర్‌మన్ పని అయిపోయినట్టే.

చేతిలో పట్టుకుపోవడానికి అదేమన్నా చేతిసంచా? మామూలు సీట్లలో పట్టదు. ఫస్టు క్లాసు సీటులో పడుతుంది. అక్కడ వచ్చింది చిక్కు. ఫస్టు క్లాసుకి అర్హత మా జనరల్ మేనేజరుకి పైన ఉండేవాళ్ళకే. ఫైలు మీద మొదటి అభ్యంతరం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: "సదరు మూలమట్టం ఏ గ్రేడుకు చెందినదో తెలుపవలెను." దాని మీద నలుగురు ఆఫీసర్లు మూడు వారాలు ఆలోచించారు. చివరికి, మట్టం మన ఉద్యోగి కాదు కనుక గ్రేడు వర్తించదనీ, అది ప్రయాణికుడనీ, నేను దానికి కాపలా మాత్రమేననీ, నేను పక్క సీటులో కూర్చున్నా ఫస్టు క్లాసులో ప్రయాణించినట్టు కాదనీ తీర్మానించారు. ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి.

టికెట్ల ఆఫీసులో గుమాస్తా, ఫారంలో పేరు లేనిదే సీటు ఇవ్వనన్నాడు. వస్తువన్నాను. వస్తువుకైనా పేరుండాలన్నాడు. మూలమట్టాన్ని ఇంగ్లీషులో మాస్టర్ స్క్వేర్ అంటారన్నాను. అతను చక్కగా "మిస్టర్ ఎం. స్క్వేర్" అని రాసుకుని, "శాకాహారా, మాంసాహారా?" అని అడిగాడు. నాకు చిరాకేసి "ఏదో ఒకటి పెట్టండి" అన్నాను. ఆ మాట ఖరీదు తర్వాత తెలిసింది. ఇద్దరికీ కలిపి రాసేశాడు.

ఆ రోజుల్లో ఒకడు విమానమెక్కుతున్నాడంటే బేగంపేట ఎయిర్‌పోర్టుకి ఊరేగింపే. మా షాపంతా వచ్చింది. నాకు పదకొండు దండలు, పెట్టెకి పద్నాలుగు. నేను సికింద్రాబాద్‌లో కుట్టించిన సూటులో ఉన్నాను. అది ఎంత బిగుతంటే ఊపిరి పీల్చాలంటే ముందుగా ఒక గుండీకి చెప్పుకోవాల్సి వచ్చేది. మా ఆవిడ పులిహోర పొట్లం, నిమ్మకాయ పచ్చడి సీసా, మాగాయ సీసా సంచిలో సర్ది, "ఏమండీ, అక్కడ వాళ్ళు ఏం పెడతారో ఏమో" అని చేతికిచ్చింది.

జనం వెనక, స్తంభం పక్కన, ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు. సస్పెన్షన్‌లో ఉన్నవాడు కనుక షాపువాళ్ళతో కలవకూడదని ఆయనకు ఆయనే పెట్టుకున్న నిబంధన. నేనే దగ్గరికి వెళ్ళాను. భుజం మీది నల్ల గొంగడి తీసి పెట్టె చుట్టూ చుట్టాడు, చలికాలం పిల్లకి చుట్టినట్టు.

"మీద సలి ఎక్కువంట. సలి నుంచి ఎచ్చకొస్తె చెమ్మ వడతది. చెమ్మ వడితె తుప్పు. గొంగడి తియ్యకుండ్రి."

"తియ్యను."

"సంచిల ఏముంది?"

చెప్పాను. ఆయన మొహం నేను పాము ఉందని చెప్పినట్టు మారింది. "నిమ్మకాయ పులుపు, మాగాయ ఉప్పు. ఇనుముకు గింతకన్న దుశ్మన్లున్నరా సారు?" అని సంచి నా చేతిలోంచి తీసుకుని మా ఆవిడకి తిరిగిచ్చేశాడు. పులిహోరలోనూ నిమ్మరసం ఉందని వాసన చూసి అదీ ఇచ్చేశాడు. మా ఆవిడ ఆయన్ని చూసిన చూపుకి మంచి ఉక్కైనా వంకరపోయేది.

"జర పైలం సారు," అన్నాడు చివరగా. తన గురించి ఒక్క మాట అనలేదు.

బొంబాయిలో పొద్దున్నే పెద్ద విమానం ఎక్కాం, నేనూ స్క్వేర్ గారూ. విదేశీ సంస్థ, పేరు చెప్పను. ఫస్టు క్లాసులో అడుగుపెట్టగానే నా కళ్ళు చెదిరాయి. ఒక్కో సీటు మా కాలనీ క్వార్టరులో ముందు గదంత. అందులో సగం మందం దూదే. జన్మ ధన్యమైందనుకుంటూ కిటికీ పక్క సీటు వైపు నడిచాను.

"అది మీది కాదు సర్," అంది ఎయిర్‌హోస్టెస్ నవ్వుతూ. "సామాను కిటికీ వైపే ఉండాలి, దారికి అడ్డం రాకూడదు."

స్క్వేర్ గారు కిటికీ దగ్గర కూర్చున్నారు. బెల్టు కట్టారు. విమానం పైకి లేచాక ఆమె ఒక బొత్తాం నొక్కింది. ఆయన సీటు వెన్నెముక మెల్లగా, హాయిగా, నూనె పోసినట్టు వెనక్కి వాలింది. గొంగడి కప్పుకుని ఆయన పడుకున్నారు. నేను నా బొత్తాం నొక్కాను. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాను. గుద్దాను. ఇంజనీరుని కదా అని వంగి కింద చూశాను. సూటు వీపు మీద ఏదో చిన్న శబ్దం చేసింది, లేచి కూర్చున్నాను. ఎయిర్‌హోస్టెస్ వచ్చింది, ఆమె పైఅధికారి వచ్చాడు, ముగ్గురం నొక్కాం. నా సీటు నిటారుగా, అటు ఒక వెంట్రుక వాలకుండా ఇటు ఒక వెంట్రుక వంగకుండా నిలబడి ఉంది. మా ఫ్యాక్టరీ మొత్తం మీద లేని అచ్చమైన తొంభై డిగ్రీలు ఆ సీటులో ఉన్నాయి. మిగతా సీట్లన్నీ నిండిపోయాయి. క్షమించమన్నారు.

తిండి వచ్చింది. తెల్లటి గుడ్డ పరిచి, వెండి పళ్ళెంలో మొదట నల్లగా ఆవాల్లాంటివి పెట్టారు. పోపు అనుకుని ఆనందపడ్డాను. చేప గుడ్లట. తర్వాత ఒక పక్షి. తర్వాత ఇంకేదో, దాని పేరు అడిగే ధైర్యం చేయలేదు. వాళ్ళ లెక్కలో ఇద్దరం ప్రయాణికులం కనుక రెండు పళ్ళేలు. ఎన్నో తరాలుగా ఉల్లిపాయ కోయడానికే ఆలోచించే వంశంలో పుట్టినవాడి ముందు రెండు పక్షులు. శాకాహారం ఉందా అన్నాను. ఎయిర్‌హోస్టెస్ పాపం చాలాసేపు వెతికి మూడు ఆకులు, ఒక ఆలివ్ కాయ తెచ్చింది. ఆకులు తిన్నాను. ఆ కాయ నోట్లో పెట్టుకున్నాక, మా ఆవిడ చేతిలోకి తిరిగి వెళ్ళిపోయిన మాగాయ సీసా గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇద్దరికీ చెరో పట్టు సంచి కూడా ఇచ్చారు. మెత్తటి చెప్పులు, కళ్ళకి గంత, దువ్వెన. స్క్వేర్ గారికి దువ్వెన దేనికో. బూట్లు నొక్కుతున్నాయని విప్పేసి చెప్పులు వేసుకున్నాను.

ఇంకో సంగతి. విమానం పడమటికి పోతోంది, సూర్యుడూ పడమటికే పోతున్నాడు. పొద్దు వాలదు. నా లెక్కలో ఆ మధ్యాహ్నం తొమ్మిది గంటలు సాగింది. మధ్యలో ఒక ఎడారి ఊళ్ళో ఆగినప్పుడు ఫస్టు క్లాసువాళ్ళందరినీ దించి విశ్రాంతి గదికి తీసుకెళ్ళారు. సోఫాలు, పళ్ళు ఉంటాయట. కాపలావాణ్ణి, నేను దిగలేదు. నా పక్కన ఆ పెట్టె కాళ్ళు జాపుకుని పడుకుని ఉంటే, నేను బడిలో శిక్ష పడినవాడిలా కూర్చుని చూస్తున్నాను. ఆకలి, నిద్ర, చలి. చలి గురించి ఫోర్‌మన్ చెప్పింది నిజమే.

విమానం మళ్ళీ పైకి లేచాక నా బుద్ధి పెడదారి పట్టింది. మొదట గొంగడి తీసి నేను కప్పుకున్నాను. ఉక్కుకి చలేమిటి అనుకున్నాను. కాసేపటికి ఇంకో ఆలోచన వచ్చింది. నిటారుగా ఉండటం మట్టానికి పుట్టుకతో వచ్చిన విద్య. వాలి పడుకోవడం నా విద్య. సీట్లు మాత్రం తారుమారయ్యాయి. సరిచేస్తే పోలా? ఎవర్నన్నా సాయం పిలవొచ్చు. పెట్టెని లేపి దాని చోట్లో నేను పడుకుంటానని ఏ మొహం పెట్టుకుని అడగను? బెల్టు విప్పాను. పెట్టెని ఎత్తాను. టేకు మీద మెరుగు పూత, గొంగడి లేదు, చేతుల్లో చెమట. సరిగ్గా అప్పుడే విమానం గుంతలో పడ్డ ఎడ్లబండిలా ఒక్క కుదుపు కుదిపింది.

పెట్టె జారింది.

ముప్పై ఏళ్ళుగా ఒకే పాఠం చెప్పే మనిషి దగ్గర ఆరేళ్ళు నేర్చుకున్నవాణ్ణి. జారితే పోనీ, కాలు వెనక్కి తియ్యి. నా చేతులకి తెలుసు, నా బుర్రకి తెలుసు. నా కుడికాలు మాత్రం ఎవర్నీ అడగకుండా ముందుకెళ్ళి, పట్టు సంచిలోని మెత్తటి చెప్పుతో సహా, పెట్టె కింద నిలబడింది.

నేల మీద చప్పుడు వినిపించలేదు. అంత బాగా అడ్డుకున్నాను. చప్పుడంతా నా లోపలే అయింది. ఎయిర్‌హోస్టెస్ పరుగెత్తుకొచ్చి ఏమైందంది. "ఏం లేదు, స్క్వేర్ గారు నిద్రలో కాస్త కదిలారు," అన్నాను. ఇద్దరం కలిసి ఆయన్ని ఆయన సీటులోనే పడుకోబెట్టాం. గొంగడి కప్పాను.

మిగిలిన ప్రయాణం ఎలా గడిచిందో చెప్పను. కాలు సంగతి పక్కన పెట్టండి. పెట్టెకి మా మేనేజరు వేసిన సీసం ముద్ర ఉంది, తెరిచి చూడకూడదు. లోపల మట్టం అంచుకి దెబ్బ తగిలిందో లేదో తెలియదు. తగిలితే ఆ మనిషి పడేశాడని నేను నా చేతులతో జర్మనీ దాకా మోసుకెళ్ళి రుజువు చేసినట్టే. ఎంక్వైరీలో నోరు విప్పి ఒక్క మాట, ఆ గీతలు సరైనవే అని అంటే, ఈ విమానమూ లేదు, ఈ పక్షులూ లేవు, ఈ వేలూ లేదు. నిటారు సీటులో కూర్చున్నవాడికి ఆలోచనలు కూడా నిటారుగానే వస్తాయి. వాటి నుంచి వాలి తప్పించుకోవడానికి ఏ బొత్తామూ పనిచేయలేదు.

జర్మనీలో ఆ ఫ్యాక్టరీకి కుంటుకుంటూ చేరాను. బూడిదరంగు కోటు ముసలాయన ఒకడు, ఇంగ్లీషు వచ్చిన కుర్ర ఇంజనీరు ఒకడు. ముసలాయన ముద్ర తెంపి, చేతులు కడుక్కుని, వేలి ఉంగరం తీసి పక్కన పెట్టాడు. అది చూసి నాకు గుండె ఒక్కసారి లింగంపల్లి వెళ్ళొచ్చింది. భూతద్దం తీసుకుని అంచుల వెంట మొదలుపెట్టాడు. నా లెక్కలో రెండు పంచవర్ష ప్రణాళికలు గడిచాయి. నేను ఒంటి కాలి మీద నిలబడి ఆయన కనుబొమ్మల్నే చూస్తున్నాను.

"పడలేదు," అన్నాడు. "ఎక్కడా దెబ్బ లేదు."

నేను కుర్చీ అడిగి కూర్చున్నాను.

తర్వాత ఆయన మట్టాన్ని చదునుబల్ల మీద నిలబెట్టి, వెనక రేకు మీద సన్నని గీత గీశాడు. కుడిఎడమలు తిప్పి, అదే చోట పెట్టి, ఇంకో గీత గీశాడు. రెండు గీతలూ కింద కలిసి పైన మొహం తిప్పుకున్నాయి. ఆయన తల ఊపి ఏదో అన్నాడు. కుర్ర ఇంజనీరు చెప్పాడు: ఉక్కుని చాలినన్నాళ్ళు నిలవ ఉంచకుండా మట్టం చేశారట, తర్వాత అది లోపల లోపలే సర్దుకుని కాస్త కదిలిందట, తప్పు తమదేనట. పెద్ద మెషిన్ మీద పెట్టి రేపు కాగితం ఇస్తారట, కానీ కొత్తగా తేలేదేమీ ఉండదట.

ఉండబట్టలేక చెప్పాను. "మా ఫోర్‌మన్ కూడా సరిగ్గా ఇలాగే తిప్పి చూపించాడు. లోపల కదిలిందనే చెప్పాడు."

ముసలాయన కళ్ళజోడు తీశాడు. ఆయన అడిగింది కుర్రాడు కాస్త మొహమాటపడుతూ నాకు చెప్పాడు. "మరి మీరెందుకు వచ్చారని అడుగుతున్నారు."

నా సర్వీసులో నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. అంత తిన్నటి ప్రశ్న ఇంకొకటి లేదు.

"ముద్ర కోసం," అన్నాను.

వాళ్ళ దవాఖానాలో నర్సు వేలికి కట్టు కట్టింది. ఎముక విరిగిందంది. మర్నాడు గుండ్రటి ముద్ర వేసిన కాగితం చేతికొచ్చింది. అదే రోజు ఫ్యాక్టరీకి టెలెక్సు ఇచ్చాను. మట్టం వాళ్ళ దగ్గరే ఉండిపోయింది, బదులు కొత్తది ఓడలో పంపుతామన్నారు. ఫస్టు క్లాసు ప్రయాణికుడు అక్కడే ఆగిపోయాడు కనుక కాపలావాడికి తిరుగు టికెట్టు మామూలు క్లాసులో. అక్కడ సీటు వాలింది. అన్నం, పప్పు పెట్టారు. పక్కన ఒక గుజరాతీ పెద్దావిడ నాకు ఊరగాయ వేసింది. బొంబాయి దాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

సోమవారం షాపుకి వెళ్ళేసరికి ఫోర్‌మన్ తన బల్ల దగ్గర ఉన్నాడు. టెలెక్సు అందిన రోజే మేనేజరు స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి తాళంచెవి ఇచ్చి, "ఇప్పుడు ముద్ర ఉందండి, ఇంక బాధ లేదు," అన్నాడట. షాపంతా నా చుట్టూ మూగింది. ఫస్టు క్లాసు ఎలా ఉందో చెప్పమన్నారు. నేను చెప్పాను. సీటు పరుపులా వాలిందన్నాను. వెండి పళ్ళేలన్నాను. ఎడారి ఊళ్ళో సోఫాలు, ద్రాక్షపళ్ళు వర్ణించాను. కిటికీలోంచి మబ్బులు ఎలా కనిపిస్తాయో కూడా చెప్పాను. అబద్ధాలే, కానీ ఊరేగింపుగా వచ్చి దండలేసినవాళ్ళకి మూడు ఆకుల గురించి ఎలా చెబుతాను?

అందరూ వెళ్ళాక ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి గొంగడి ఇచ్చాను. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"తలకు వెట్టే నూనె వాసనొస్తుంది," అన్నాడు. "పెట్టె తలకు నూనె వెట్టుకోదు గద సారు."

నేను కుడికాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాను.

"కాలికేమైంది?"

"కొత్త బూట్లు. కరిచాయి."

"బూటు కరిస్తె మడమకు కరుస్తది. బొటనేలికి గాదు." కాసేపు నా కాలు చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "జారిందా?"

"జారింది."

"కాలు అడ్డం వెట్టినవా?"

ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఏకవచనంలో అన్నది ఆ ఒక్కసారే. తలాడించబోయి ఆగాను. "పెట్టాను," అన్నాను నోరు విప్పి. "ఎంక్వైరీ రోజు కూడా నోరు విప్పాల్సింది. మీ గీతలు సరైనవేనని నాకు ఆ రోజే తెలుసు."

"మీకెరుకని నాకెరుకనే," అన్నాడు. లేచి, చేతులు కడుక్కుని వచ్చి, బీరువా పక్క అరలోంచి ఎర్ర రిజిస్టరు తీశాడు. పెన్ను విదిలించాడు.

"ఏం చేస్తున్నారు?"

"రాస్తున్న."

"నా పేరా? మీకోసమే కదండీ అడ్డం పెట్టింది."

"గందుకే రాయాలె. నా కోసం వెట్టిండ్రని ఇడిసివెడితె, రేపు ఇంకోడు ఇంకొకని కోసం వెడతడు. ఇనుము మళ్ల దొరుకుతది సారు. ఏలు దొరకదు." రాసేటప్పుడు ఆయన కళ్ళు చెమర్చినట్టు నాకనిపించింది. రిజిస్టరు మీద చెమ్మ పడకుండా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మేనేజరు ఆ పేజీ మూడుసార్లు చదివి, ఇంకో దారి లేక, కింద సంతకం పెట్టి ముద్ర వేశాడు. ఫోర్‌మన్ పక్క నెల రిటైరయ్యాడు, పూర్తి పింఛనుతో, ఒక్క మచ్చ లేకుండా. నేను ఆ తర్వాత చాలా ఏళ్ళకి, కాస్త వంకర వేలితో.

నా పదవీ విరమణ రోజున పాత కాగితాలు చూసుకుంటూ ఆ ఎర్ర రిజిస్టరు తెరిచాను. ఫైళ్ళన్నిట్లోనూ, బిల్లులన్నిట్లోనూ నేను కాపలావాణ్ణే. ఫస్టు క్లాసులో ప్రయాణించినట్టు ఎక్కడా లేదు. ఒక్కచోట మాత్రం ఉంది, ఫోర్‌మన్ దస్తూరీలో, గుండ్రటి ముద్రతో:

"గాయం: కుడికాలి బొటనవేలు. కారణం: జారుతున్న వస్తువుకు కాలు అడ్డం పెట్టుట. చర్య: మందలించడమైనది. ప్రమాదం జరిగిన స్థలం: ఆకాశం, ఫస్టు క్లాసు."